లుకల్లస్ గెలిచిన యుద్ధంలో నేను ఎందుకు ఓడిపోతున్నాను?

సీసపు_సిపాయి
ఐదు ఆదివారాలుగా మా బావమరిదితో టిగ్రానోకెర్టా యుద్ధం ఆడుతున్నాను. నాది రోమన్ సైన్యం, అతనిది ఆర్మీనియా. బల్ల మీద బొమ్మలతో ప్రాచీన యుద్ధాలు ఆడే డి.బి.ఏ. నియమాలు, 15 మిల్లీమీటర్ల బొమ్మలు, చెరి పన్నెండు దళాలు, రెండడుగుల చదరపు బల్ల. ముందు నాలుగు దళాలు పోయినవాడు ఓడినట్టు. ఐదింటిలో నాలుగు ఓడిపోయాను. గెలిచిన ఆ ఒక్కసారీ పాచిక నా వైపు పడింది కాబట్టే గెలిచాను.

చరిత్రలో జరిగింది చూస్తే క్రీ.పూ. 69 అక్టోబరు 6న రోమన్ సేనాని లుకల్లస్ పదివేల పదాతితో వెళ్లి టిగ్రానిస్ చక్రవర్తి మహాసైన్యాన్ని ఒక్క పూటలో చెదరగొట్టాడు. గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ లెక్కలో రోమన్లలో చనిపోయినవారు ఐదుగురు, గాయపడినవారు వందమంది. నా బల్ల మీద నాలుగు దళాలు పోవడానికి అరగంట చాలుతోంది. ప్రతిసారీ ఒకే కథ. నా లీజియన్లు, అంటే రోమన్ పదాతి దళాలు, వరుస కట్టి నడుస్తాయి, అతని కవచాశ్వికులు ఎదురుగా వచ్చి ఢీకొంటారు, నడుమ రెండు దళాలు కూలిపోతాయి, ఆ సందులోంచి మిగతా గుర్రాలు దూరుతాయి.

తప్పు నియమాలలో ఉందా, నా మోహరింపులో ఉందా, ప్లూటార్క్‌లో ఉందా? ఆ బొమ్మలకు రంగులు వేయడానికి నాకు ఏడాది పట్టింది. వాటిని ఇలా ప్రతి వారం డబ్బాలోకి తిరిగి సర్దడం బాధగా ఉంది.

పాచిక_ఆరు
మోహరింపులో. చదును నేల మీద కవచాశ్వికులకు ఎదురుగా లీజియన్‌ను నిలబెడితే ఇంకేం జరుగుతుంది?

రంగుల_డబ్బా
బొమ్మల ఫోటో పెట్టండి ముందు. ఏడాది శ్రమ అంటున్నారు, చూడాలని ఉంది.

టిగ్రానిస్_పక్షం
ఆ బావమరిదిని నేనే. బావ ఒక సంగతి రాయలేదు. మా బల్ల మీద నదీ లేదు, గుట్టా లేదు. ఆకుపచ్చ గుడ్డ పరిచి ఆడుతున్నాం. అంత చదును దొరికాక గుర్రాలను ముందుకు తోలకుండా ఎవరుంటారు?

సీసపు_సిపాయి
గుట్ట పెట్టని మాట నిజమే. చిన్న గుట్టే కదా, దానివల్ల అంత తేడా రాదనుకున్నాను.

చరిత్ర_చదువరి
కథంతా ఆ గుట్ట దగ్గరే ఉంది. ప్లూటార్క్ చెప్పిన క్రమంలో రాస్తాను, బల్ల మీద ఏమేం లోపించాయో మీకే తెలుస్తుంది.

లుకల్లస్ టిగ్రానోకెర్టా నగరాన్ని ముట్టడించి ఉండగా టిగ్రానిస్ సైన్యంతో వచ్చాడు. ముట్టడి కొనసాగించడానికి తన కింది సేనాని మురేనాను ఆరువేల పదాతితో వదిలి, లుకల్లస్ 24 కోహోర్టులు (లీజియన్‌లోని ఉపదళాలు), అంటే పదివేలకు మించని పదాతి, తన గుర్రపు దళమంతా, వెయ్యిమంది దాకా వడిసెలవాళ్లను, విలుకాండ్రను తీసుకుని ఎదురు వెళ్లాడు. ఆ చిన్న గుంపును చూసి టిగ్రానిస్ అన్నమాట మీరు వినే ఉంటారు: రాయబారులుగా వచ్చారనుకుంటే మరీ ఎక్కువమంది, సైనికులుగా వచ్చారనుకుంటే మరీ తక్కువమంది.

నడుమ నది. ఆర్మీనియన్లు తూర్పు ఒడ్డున, రోమన్లు పడమటి ఒడ్డున. నది పడమరకు వంపు తిరిగిన చోట దాటడం తేలిక. అక్కడికి చేరడానికి లుకల్లస్ సైన్యాన్ని వేగంగా నడిపించాడు. దూరం నుంచి అది వెనుదిరిగి పోతున్నట్టు కనబడింది. టిగ్రానిస్ నవ్వుతూ టాక్సిలిస్‌ను పిలిచి, అజేయులైన రోమన్లు పారిపోతున్నారు చూడు అన్నాడు. ఈ టాక్సిలిస్ పొంటస్ రాజు మిథ్రిడాటిస్ పంపిన సేనాని, రోమన్ల దెబ్బ రుచి చూసినవాడు. ప్రయాణంలో ఉన్న రోమన్లు మెరిసే బట్టలు వేసుకోరు, డాళ్లు తోమి పట్టుకోరు, శిరస్త్రాణాలకు తొడుగులు తీయరు, వాళ్లు యుద్ధానికే వస్తున్నారు అని చెప్పాడు. అతను మాట ముగించకముందే లీజియన్ల గద్ద ధ్వజాలలో మొదటిది నదివైపు తిరిగింది.

అప్పుడు గాని ఆర్మీనియన్లు బారులు తీరడం మొదలుపెట్టలేదు. నడుమ టిగ్రానిస్, ఎడమ పక్క అడియబేని రాజు, కుడి పక్క మీడియా రాజు. కవచాశ్వికులలో ఎక్కువమంది ఈ కుడి పక్క ముందు, ఒక గుట్ట పాదాన నిలబడ్డారు. గుట్ట మీద చదునైన వెడల్పాటి నేల, ఎక్కడానికి నాలుగు స్టేడియాల దారి, అంటే ముప్పావు కిలోమీటరు ఉంటుంది. నిట్టనిలువుగా లేదు, రాళ్లూ లేవు. లుకల్లస్ థ్రేసియా, గాల్ గుర్రపువాళ్లను కవచాశ్వికుల పక్కమీదికి పంపి, పొడవాటి బల్లేలను కత్తులతో పక్కకు కొట్టమన్నాడు. తాను రెండు కోహోర్టులతో కాలినడకన ఆ గుట్ట ఎక్కాడు. పైకి చేరగానే గెలుపు మనదే అని అరిచి, ఈటెలు విసరవద్దు, దగ్గరకు వెళ్లి పిక్కలూ తొడలూ కొట్టండి అన్నాడు. ఆ గుర్రపువాళ్ల ఒంటిమీద కవచం లేని చోట్లు అవే.

అంతదాకా రాలేదు. కవచాశ్వికులు నిలబడకుండా పరుగెత్తారు. పరుగెత్తింది ఎటు? ఇంకా యుద్ధమే మొదలుపెట్టని తమ పదాతి మీదికే.

ఇప్పుడు చెప్పండి, మీ ఆటలో వీటిలో ఏదైనా ఉందా?

సీసపు_సిపాయి
ఒక్కటీ లేదు. నా లుకల్లస్ బొమ్మ ప్రతిసారీ గుర్రం మీద నడుమ నిలబడి ఉంది. కాలినడకన గుట్ట ఎక్కాడని ఇప్పుడే తెలిసింది.

ఇత్తడి_ఈటె
నియమాల వైపు నుంచి లెక్క చూపిస్తాను, ఎందుకంటే ఇక్కడ నియమాలను తప్పుపట్టడం అన్యాయం.

ఆ నియమాలలో గుర్రపు దళం మీద లీజియన్ బలం 3. పదాతి మీద కవచాశ్వికుల బలం కూడా 3. ఇద్దరూ పాచిక వేసి తమ అంకె కలుపుతారు. బలాలు సమానమే, ఫలితాలు సమానం కావు. చదును నేల మీద లీజియన్ ఒక్క అంకె తేడాతో ఓడినా దళం పోతుంది. కవచాశ్వికులు ఓడితే వెనక్కు జరుగుతారు, అంతే. వాళ్లు పోవాలంటే లీజియన్ మొత్తం వాళ్లదానికి రెట్టింపు కావాలి. రెండు పాచికలకు 36 జతలు వస్తాయి. పక్క దళాల ప్రభావం లేదనుకుంటే 15 జతల్లో లీజియన్ దళం పోతుంది, 2 జతల్లో మాత్రమే కవచాశ్విక దళం పోతుంది. సీసపు_సిపాయి గారు ఐదు వారాలుగా ఈ 15కీ 2కీ మధ్య నలుగుతున్నారు.

ఇప్పుడు లుకల్లస్ చేసినట్టు చేయండి. ఎదురుగా లీజియన్‌కు బదులు మీ గుర్రపు దళాన్ని పెట్టండి. దాని బలం 3. గుర్రాల మీద కవచాశ్వికుల బలం 4. ఆ క్షణంలో గుట్ట మీది కోహోర్టు వచ్చి వాళ్ల పక్కకు తగిలితే ఒకటి తగ్గి 3 అవుతుంది. మళ్లీ సమానం. కానీ పక్కన శత్రువు తగిలి ఉండగా వెనక్కు జరగవలసిన దళానికి జరిగే దారి ఉండదు, అది పోయినట్టే. మీ గుర్రపు దళం ఓడితే మాత్రం మామూలుగా వెనక్కు జరుగుతుంది. అంటే 15 జతల్లో కవచాశ్వికులు పోతారు, 2 జతల్లో మీ గుర్రాలు పోతాయి.

అవే అంకెలు, అవే బొమ్మలు. పక్షాలు మారిపోయాయి. 1990లో ఈ నియమాలు రాసినవాళ్లకు ఈ యుద్ధం బాగా తెలుసునని నా నమ్మకం.

పాచిక_ఆరు
ఇది అద్భుతం. ఇన్నేళ్లుగా ఆడుతున్నాను, ఇలా లెక్క వేసి చూడలేదు.

టిగ్రానిస్_పక్షం
ఈటె గారూ, ఈ లెక్క నేను ఓడిపోయాక చెప్పి ఉంటే బాగుండేది. ఇక వచ్చే ఆదివారం నా గతి ఏమిటి?

వడిసెల
చరిత్ర_చదువరి గారి పోస్టులో ఒకచోట ఆగాను. యూఫ్రటీస్ వైపు బయలుదేరినప్పుడు లుకల్లస్ దగ్గర పదాతి పన్నెండువేలు, గుర్రాలు మూడువేల లోపు అని ప్లూటార్క్ ముందే రాశాడు. తర్వాత మురేనా దగ్గర ఆరువేలు, లుకల్లస్ వెంట పదివేలు అంటాడు. కలిపితే పదహారువేలు. ఆ నాలుగువేలమంది ఎక్కడి నుంచి వచ్చారు? సొంత పక్షం లెక్కే కుదరని రచయిత ఎదుటి పక్షాన్ని రెండు లక్షల అరవైవేలు అంటే నేను నమ్మలేను.

విడివిడిగా చూడండి: విలుకాండ్రు, వడిసెలవాళ్లు 20,000, గుర్రాలు 55,000, వాటిలో కవచం ఉన్నవి 17,000, పదాతి 1,50,000, బాటలు వేసేవాళ్లు, వంతెనలు కట్టేవాళ్లు 35,000. ఆ 17,000 అనే అంకె లుకల్లస్ స్వయంగా సెనేటుకు రాసిన లేఖలోదని ప్లూటార్కే చెబుతాడు. గెలిచిన సేనాని పైవాళ్లకు రాసుకున్న లేఖ అది! చనిపోయింది ఐదుగురే అన్న మాటను కూడా ఆ లేఖ పక్కనే పెట్టి చదవాలి.

చరిత్ర_చదువరి
ఆ నాలుగువేల తేడా నేనూ గమనించాను. మిగతా ప్రాచీన చరిత్రకారులలో అప్పియన్ అయితే ఆర్మీనియా పదాతిని రెండున్నర లక్షలు చేశాడు. మెమ్నాన్ మాత్రం మొత్తం సైన్యం ఎనభైవేలు అన్నాడు. నాకు మెమ్నాన్ అంకె దగ్గరగా అనిపిస్తుంది. కానీ వడిసెల గారూ, అంకెలు పెంచి రాసినంత మాత్రాన జరిగిన తీరు అబద్ధం కాదు. గుట్ట, పక్కదాడి, సొంత పదాతిమీద పడ్డ గుర్రాలు, ఇవి లేఖలో గొప్ప కోసం కల్పించే సంగతుల్లా లేవు. శత్రువు తనంతట తానే నలిగిపోయాడని చెప్పుకోవడంలో సేనానికి పెద్ద కీర్తి ఏముంది? ఇలాంటి బానిసల్లాంటి శత్రువుల మీద కత్తులు ఎత్తవలసి వచ్చినందుకు రోమన్లు తమను చూసి తామే సిగ్గుపడి నవ్వుకున్నారని స్ట్రాబో అనే ఇంకో ప్రాచీన రచయిత చెప్పినట్టు కూడా ప్లూటార్కే రాశాడు.

వడిసెల
అప్పియన్ కథ వేరుగా ఉంటుంది. గుట్ట వెనకగా వెళ్లి మొదట కొట్టింది సామాను మోసే పశువులను. అవి బెదిరి పదాతి మీద పడ్డాయి, పదాతి గుర్రాల మీద పడింది. ఎవరు ఎవరిమీద పడ్డారన్న దాంట్లోనే ఇద్దరికీ పొత్తు కుదరలేదు.

చరిత్ర_చదువరి
కుదరలేదు. కానీ ఇద్దరూ చెప్పింది ఒకటే గమనించండి: ఆర్మీనియన్లను తొక్కింది ఆర్మీనియన్లే.

నాటింగ్‌హాం_తెలుగు
ఇక్కడ మా క్లబ్బులో ఈ యుద్ధాన్ని 6 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆడాం. ఒక దళం వెయ్యిమంది అనుకుని మెమ్నాన్ ఎనభైవేలకు ఎనభై దళాలు పెట్టాం, రోమన్లకు పద్నాలుగు. ఆ దృశ్యం చూసి తీరాలి. ఆర్మీనియా పక్షాన కూర్చున్న ఆయన మొదటి గంట ధీమాగా ఉన్నాడు, రెండో గంటకు చెమటలు పట్టాయి. ఎనభై దళాలకు బల్ల మీద చోటు లేదు. ముందు వరుస వెనక్కు జరగాలంటే రెండో వరుస, రెండో వరుస జరగాలంటే మూడో వరుస. ఒక దళాన్ని పక్కకు తిప్పడానికి నాలుగు వంతులు పట్టింది.

చెరి పన్నెండు దళాలతో ఆడితే ఈ ఇరుకు మీకు ఎప్పటికీ తెలియదు. సీసపు_సిపాయి గారి అసలు ఇబ్బంది అదేనని నా అభిప్రాయం. సమానబలాల ఆటగా మార్చగానే టిగ్రానిస్‌కు ఉన్న జబ్బు మాయమై అతని ఆరోగ్యం మాత్రం మిగిలింది.

సీసపు_సిపాయి
ఈ చివరి వాక్యం రెండుసార్లు చదివాను. నిజమే, సమానం చేస్తే న్యాయంగా ఉంటుందని నేనే పట్టుబట్టి పన్నెండు పన్నెండు పెట్టాను.

రంగుల_డబ్బా
ఫోటో చూశాను, ఇప్పుడే వచ్చింది. రంగులు చక్కగా కుదిరాయి, ముఖ్యంగా కవచాశ్వికుల పొలుసులు. నల్ల పూత మీద పొడి కుంచెతో వెండి రంగు రుద్దినట్టున్నారు. ఒక్క మాట మనసు కష్టపెట్టుకోకుండా వినండి. మీ రోమన్లు ఈ యుద్ధానికి కొత్తవాళ్లు. ఒంటిమీద ఉన్నది అడ్డపట్టీల ఉక్కు కవచం, అది క్రీస్తుపూర్వం చివరి దశాబ్దం నాటికి గాని కనబడదు. లుకల్లస్ సైనికులు వేసుకున్నది ఇనుప కడియాల అల్లిక కవచం. డాలు నలుచదరం కాదు, పొడవాటి గుండ్రం. తలమీద గుండీ ఉన్న కంచు శిరస్త్రాణం.

సీసపు_సిపాయి
పెట్టె మీద రోమన్ పదాతి అని ఉంది, కొనేశాను.

రంగుల_డబ్బా
అందరమూ మొదట అలాగే కొంటాం. వాటిని పారేయవద్దు, రోమన్ చక్రవర్తి ట్రాజన్ ఆర్మీనియా మీదికి వెళ్లిన క్రీ.శ. 114కు సరిగ్గా సరిపోతాయి. టిగ్రానిస్ బొమ్మకు మాత్రం అతని నాణెం చూసి రంగు వేయండి. అంతియోకియాలో ముద్రించిన వెండి నాణెం మీద ముఖం స్పష్టంగా ఉంటుంది. పైన కోసులు తేలిన ఎత్తైన కిరీటం, దానిమీద నక్షత్రం, నక్షత్రానికి రెండు పక్కలా రెండు గద్దలు. బొమ్మమీద ఆ నక్షత్రం ఒక్క చుక్క తెలుపు చాలు. ఓపిక ఉంటే పక్కన పొట్టి చొక్కాలతో నడిచే నలుగురిని పెట్టండి. తాను గుర్రం మీద పోతుంటే నలుగురు సామంతరాజులు పక్కన పరుగెత్తేవారట.

ఇత్తడి_ఈటె
నలుగురు రాజులు కాలినడకన! ఆ దళం చేయకుండా ఎలా ఉండగలం.

కృష్ణాతీరం
విషయం కాదు గాని, రంగుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. విజయవాడలో ఆగస్టులో డబ్బా వార్నిష్ కొడితే నా గుర్రాలన్నీ బూజు పట్టినట్టు తెల్లబారాయి. పన్నెండు కవచాశ్వికులు. ఏం చేయాలి?

రంగుల_డబ్బా
గాలిలో తేమ. వానాకాలంలో మన కోస్తాలో స్ప్రే వార్నిష్ జోలికి వెళ్లకూడదు. కుంచెతో వేసే మెరుపు వార్నిష్ ఒక పలచని పూత వేయండి, తెలుపు చాలావరకు పోతుంది. ఆరాక మెరుపు తగ్గించే వార్నిష్ అదే కుంచెతో. ముందు ఒక్క గుర్రం మీద చేసి చూడండి, పన్నెండూ ఒకేసారి కాదు.

పాచిక_ఆరు
మళ్లీ యుద్ధానికి వద్దాం. అందరూ టిగ్రానిస్ ఇరుకులో ఉన్నాడు, బారులు తీరలేదు అంటున్నారు. అవన్నీ నియమాలుగా పెట్టి అతని చేతులు కట్టేస్తే ఫలితం ముందే తెలిసిపోతుంది. ఓడిపోవడానికే కూర్చునేవాడు ఎవరు? నాకు బల్ల మీద చరిత్ర తిరిగి నడవడం అక్కర్లేదు, పోటీ కావాలి.

టిగ్రానిస్_పక్షం
నా మనసులో మాట. వచ్చేవారం టిగ్రానిస్‌గా కూర్చోవలసింది నేను.

చరిత్ర_చదువరి
నేను ఒప్పుకోను. గుట్టా నదీ లేకుండా ఆడితే అది టిగ్రానోకెర్టా కాదు, పేరు మార్చి ఆడుకోవచ్చు. ఆ పేరు పెట్టుకున్నాక ఆ ఉదయం ఆ రాజుకు ఏం తెలుసో, ఏం తెలియదో బల్ల మీద ఉండాలి.

పులిజూదం_పెద్దయ్య
ఈ బొమ్మలాట నాకు కొత్త. మనవడు చూపిస్తే చదివాను. కానీ ఈ తగువు నాకు పాతదే.

మా ఊరి గుడి మంటపంలో రాతి మీద పులిజూదం గీతలు చెక్కి ఉన్నాయి. చిన్నప్పుడు సాయంత్రాలన్నీ అక్కడే. మూడు పులులు, పదిహేను మేకలు. ఇది సమానమైన ఆటేనా? పులి మేకను దూకి చంపుతుంది, మేక పులిని చంపలేదు. అయినా మేకల పక్షాన కూర్చోవడానికి పోటీ పడేవాళ్లం. ఎందుకంటే మేకల గెలుపు వేరు, పులుల గెలుపు వేరు. పులి గెలవాలంటే మేకలను తినాలి. మేకలు గెలవాలంటే పులికి కదలడానికి చోటు లేకుండా కమ్ముకోవాలి. చంపడం ఒకరి పని, కట్టడి చేయడం ఇంకొకరి పని.

మీరు రెండు సైన్యాలకూ ఒకే గెలుపు పెట్టారు. నాలుగు దళాలు ముందు ఎవరు చంపితే వాళ్లే గెలిచినట్టు. మేకలను కూడా పులిని చంపమన్నారు. ఆ పెద్ద సైన్యానికి దాని గెలుపు దానికి ఇవ్వండి.

ఇత్తడి_ఈటె
పెద్దయ్య గారూ, మీ పోస్టు చదివి లేచి రెండడుగులు అటూ ఇటూ నడిచాను. ఈ చర్చలో అందరూ వెతుకుతున్నది ఇదే.

నాటింగ్‌హాం_తెలుగు
మిథ్రిడాటిస్ టిగ్రానిస్‌కు రాసిన సలహా సరిగ్గా ఇదే! ఎదురుపడి యుద్ధం చేయవద్దు, గుర్రాలతో చుట్టుముట్టి తిండి అందకుండా చేయమన్నాడు. మేకల ఎత్తు అది. టిగ్రానిస్ వినలేదు, తానే పులి అనుకున్నాడు.

పాచిక_ఆరు
ఇది ఒప్పుకుంటాను. చేతులు కట్టేయడం వేరు, గెలుపును వేరుగా నిర్వచించడం వేరు. అయితే ఆర్మీనియా గెలుపు ఏమిటి?

వడిసెల
అప్పియన్‌లో ఒక సంగతి ఉంది. యుద్ధానికి ముందే టిగ్రానిస్ ఆరువేల గుర్రపువాళ్లను పంపితే, వాళ్లు రోమన్ ముట్టడిని చీల్చుకుని నగరంలోంచి రాణివాసాన్ని బయటకు తెచ్చారు. అంటే మురేనా వలయంలో కంతలున్నాయి. నగరద్వారం బల్ల ఒక అంచున పెట్టండి. ఆర్మీనియా దళాలు మూడు అక్కడికి చేరితే ముట్టడి భగ్నమైనట్టు. అంకెల మీద నాకున్న అనుమానం అలాగే ఉంది, ఇది మాత్రం ఆటకు పనికొస్తుంది.

ఇత్తడి_ఈటె
అయితే ఇలా. ఆర్మీనియాకు ఇరవైనాలుగు దళాలు, రోమన్లకు పన్నెండు. బల్ల నాలుగడుగులు. పదో వంతుకు చీకటి పడుతుంది. మూడు దళాలు నగరద్వారం చేరినా, చీకటి పడేదాకా కవచాశ్వికులు సగానికి పైగా నిలబడి ఉన్నా ఆర్మీనియా గెలుపు. ఆలోపు కవచాశ్వికులలో సగం చెదిరితే రోమన్ల గెలుపు. మొదటి మూడు వంతులు ఆర్మీనియా కదలిక పాచికలో (ఆ వంతులో ఎన్ని కదలికలో చెప్పేది) రెండు తగ్గించాలి, రాజు ఇంకా నవ్వుతున్నాడు కాబట్టి. కవచాశ్విక దళం వెనక్కు జరిగి సొంత పదాతికి తగిలితే ఆ పదాతి ఒక వంతు కదలకూడదు. గుట్ట కుడి పక్కన, మొదట ఖాళీగా.

చరిత్ర_చదువరి
అక్టోబరు 6 అశుభదినమని రోమన్ అధికారులు వద్దన్నారు, అదే తేదీన క్రీ.పూ. 105లో రోమన్ సేనాని కేపియో సైన్యం కింబ్రీ తెగవాళ్ల చేతిలో నాశనమైంది కాబట్టి. ఈ రోజును కూడా శుభదినంగా మారుస్తానని లుకల్లస్ బదులిచ్చాడు. మొదటి వంతు రోమన్ పాచికలో కూడా ఒకటి తగ్గించవచ్చేమో.

ఇత్తడి_ఈటె
వద్దు. ఆయన దాన్ని లెక్కచేయలేదు, మనమూ చేయవద్దు.

సీసపు_సిపాయి
నిన్న పొద్దున పది గంటల నుంచి సాయంత్రం ఆరు దాకా రెండు ఆటలు ఆడాం. వివరంగా రాస్తాను, మీరందరూ కలిసి తయారుచేసిన ఆట ఇది.

మొదటి ఆటలో నేను లుకల్లస్. నది నీలం గుడ్డ, గుట్ట రెండు పాత అట్టల మీద ఇసుక. ఆర్మీనియా పక్షానికి కావలసిన అదనపు పదాతికి మా దగ్గరున్న పాత ఏకిమెనిడ్ వంశపు కాలం పర్షియా బొమ్మలు పెట్టాం. మూడు వంతుల్లో నది దాటాను. బావమరిది కదలిక పాచికలు వరుసగా 2, 3, 1 పడ్డాయి. రెండు తగ్గించాక మూడు వంతులకూ కలిపి అతనికి ఒక్క కదలిక మిగిలింది. ఇరవైనాలుగు దళాలు బల్ల మీద నిలబడి చూస్తున్నాయి. నాలుగో వంతులో నా రెండు గుర్రపు దళాలను కవచాశ్వికుల ఎదుటికి పంపి, లుకల్లస్‌ను గుర్రం దించి, అంటే కాలినడక సేనాని బొమ్మతో మార్చి, రెండు కోహోర్టులతో గుట్ట ఎక్కించాను. ఆరో వంతులో పక్కనుంచి దిగాను. నాకు 4, అతనికి 3. కొన దళం పోయింది. పాచిక చూసినప్పుడు నోట మాట రాలేదు. తర్వాతి రెండు దళాలు వెనక్కు జరిగి పర్షియన్ల మీద పడ్డాయి, వాళ్లు కదలలేకపోయారు. ఎనిమిదో వంతుకు కవచాశ్వికులు సగం పోయారు. నా పక్షాన పోయింది ఒక్క గుర్రపు దళం.

రెండో ఆటలో పక్షాలు మార్చుకున్నాం. నేను టిగ్రానిస్. పెద్దయ్య గారి మాట మనసులో పెట్టుకున్నాను. నాలుగో వంతులో నాకు ఐదు కదలికలు వచ్చాయి. కవచాశ్వికులను ముందుకు పంపలేదు. వడిసెలవాళ్లను, విలుకాండ్రను ముందుగానే గుట్ట మీదికి ఎక్కించి, కవచాశ్వికులను వెనక్కు లాగి, తేలికపాటి గుర్రాలను నగరద్వారం వైపు పంపాను. బావమరిది రెండు వైపులా పరుగెత్తవలసి వచ్చింది. పదో వంతుకు రెండు దళాలు ద్వారం చేరాయి, మూడోది రెండంగుళాల దూరంలో ఆగింది. కానీ కవచాశ్వికులు అందరూ నిలబడే ఉన్నారు. ఆర్మీనియా గెలిచింది.

ఆట అయ్యాక మేమిద్దరం చాలాసేపు ఆ బల్ల దగ్గరే కూర్చున్నాం. బొమ్మలు వెంటనే సర్దబుద్ధి కాలేదు.

టిగ్రానిస్_పక్షం
ఆ ఇరవైనాలుగు దళాలు అలా నిలబడి ఉండగా నదికి అవతల బావ దళాలు వంపు వైపు కదులుతుంటే, నాకు నిజంగానే వెనక్కు పోతున్నట్టు అనిపించింది. అతను నది వైపు తిరిగేదాకా అనుమానమే రాలేదు. టిగ్రానిస్‌ను ఇంకెప్పుడూ తెలివితక్కువవాడు అనను.

పాచిక_ఆరు
ఒకటి రోమన్లకు, ఒకటి ఆర్మీనియాకు. నాకు కావలసింది దొరికింది. చరిత్ర_చదువరి గారూ, మీరు కూడా గెలిచారు.

వడిసెల
గుట్టను ఆర్మీనియా ముందే ఎక్కగలగడం మరీ తేలికగా ఉంది. ఐదో వంతుదాకా ఎక్కకూడదని పెట్టాలి. ఆ ఉదయం దానికి విలువ ఉందని రాజు పక్షాన ఎవరూ గుర్తించలేదు.

ఇత్తడి_ఈటె
నాలుగో వంతు చాలు. మరో నాలుగు ఆటలు చూశాక తేలుద్దాం.

పులిజూదం_పెద్దయ్య
రెండో ఆట నా మనవడికి రెండుసార్లు చదివి వినిపించాను. వాడు మేకల పక్షం.

సీసపు_సిపాయి
వచ్చే నెల తర్వాతి ఏడాది యుద్ధం ఆడదామనుకుంటున్నాం. క్రీ.పూ. 68, అర్టక్సాటా దారిలో అర్సానియాస్ నది ఒడ్డున. ఆర్మీనియా బారుల ముందు మార్డి తెగ గుర్రపు విలుకాండ్రు, ఐబీరియా (స్పెయిన్ కాదు, కాకసస్‌లోది) బల్లెగాళ్లు ఉండాలి. బల్లెగాళ్లను ఎలాగో సర్దుకుంటాం. 15 మిల్లీమీటర్ల గుర్రపు విలుకాండ్రు ఎవరి దగ్గరైనా ఎక్కువ ఉన్నారా?

కృష్ణాతీరం
నా దగ్గర ఎనిమిది దళాలు ఉన్నాయి, పార్థియన్లు, సరిపోతారు. కుంచె వార్నిష్‌తో కవచాశ్వికులు మామూలు రంగుకు వచ్చారు, రంగుల_డబ్బా గారి పుణ్యం. విలుకాండ్రకు మాత్రం ఇంకా ఏ పూతా వేయలేదు. బుధవారం పార్సెల్ చేస్తాను. ఎత్తేటప్పుడు విల్లు పట్టుకోకండి, కింద అట్ట పట్టుకుని ఎత్తండి.